మొగులు సందుల ఎండ

మబ్బు పట్టిన రోజు గొడుగు తెరిస్తే జనానికి ఎందుకంత నవ్వొస్తుందో నాకు అర్థం కాదు. ఎండ సోకితే మొహం ఉబ్బి, కీళ్లు పట్టేసే జబ్బు నాది. నాంపల్లిలో ఒక బడిలో సైన్సు చెప్తాను కాబట్టి మబ్బుల సంగతి కాస్త తెలుసు. ఆకాశమంతా దుప్పటి కప్పినట్టు ఒకే తీరుగా ముసురు పడితే వెలుతురు తగ్గుతుంది, నిజమే. అదే మబ్బు ముక్కలు ముక్కలుగా విడిపోతే లెక్క వేరు. సందుల్లోంచి సూర్యుడు నేరుగా కొడతాడు, పక్కనున్న తెల్లమబ్బులు తమ మీద పడ్డ వెలుతురును కూడా మన మీదికే మళ్లిస్తాయి. ఒక్కోసారి మబ్బే లేని రోజుకంటే ఎక్కువ ఎండ నేలకు చేరుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు అర్థమయ్యే ఈ ముక్క మా ఇంట్లో ఒక్కరికీ ఎక్కదు.

మొన్న శ్రావణంలో పెళ్లి సామాన్ల కోసం నేనూ మా ఆడబిడ్డా బేగం బజార్ బయల్దేరాం. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆటో దిగగానే గొడుగు తెరిచాను. ఆమె చటుక్కున లాక్కొని మూసేసింది.

“మొగులు పట్టింది గదా వదినా! గిప్పుడు ఛత్రీ ఏంది? అందరు చూస్తున్నరు.”

“మొగులు మధ్యల సందులున్నయ్. నాకు పడదు, ఇటియ్యి” అన్నాను.

వింటేనా? గొడుగు సంచిలో కుక్కుకొని చక్కా ముందుకు నడిచింది. ఆ రద్దీలో ఆమె వెనక ఉరకడం తప్ప నాకు దారి లేకపోయింది. ఇత్తడి బిందెల బేరం తెమిలేదాకా ఎండ వస్తూ పోతూనే ఉంది. నా ఒళ్లు మండిపోయింది, కడుపూ మండిపోయింది.

రెండు రోజులకు జ్వరంతో దవాఖానలో పడ్డాను. జబ్బు కిడ్నీల దాకా పాకిందేమోనని పరీక్షలు మొదలుపెట్టారు. చూడ్డానికొచ్చిన ఆడబిడ్డ నా మొహం చూసి ఏడ్చింది. నాకు జాలి కలగలేదు.

“ఇన్నేండ్ల సంది చూస్తలేవా, నాకు ఎండ పడదని?” అని కసిరాను.

“నల్లగైతవని ఛత్రీ పట్టుకుంటవ్ అనుకున్న వదినా. జబ్బని నాకేం ఎరుక? వదినకు రంగు ఫికర్ ఎక్కువ, ఏం అనకుండ్రి అని అన్ననే చెప్పిండు.”

పెళ్లయిన నాటి నుంచి నా మందులు తెచ్చిచ్చే మనిషి, నా జబ్బును తన వాళ్ల ముందు సోకు చేసి పెట్టాడు. ఆయన మంచం పక్కనే నిలబడి ఉన్నాడు.

“జబ్బంటే నలుగురు ఏమనుకుంటరోనని...” అని నసిగాడు.

“ఇప్పుడన్నా మీ చెల్లెకు నా జబ్బు పేరు చెప్పుండ్రి” అన్నాను.

ఆయన పక్క మంచాల వైపు చూశాడు, ఎవరన్నా వింటున్నారేమోనని. లూపస్ అని నేనే చెప్పాను, వార్డంతా వినేట్టు.