రఫూ మాస్టరు కుడి కన్ను

మా మామ పోయారు. పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అట్లాగే పక్కకు ఒరిగిపోయారు. నేనప్పటికే ఆబిడ్స్‌లో దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. మా ఆయన ఫోన్ చేసి, నాయన లేడు, ఇంటికి రా అని రెండే ముక్కలు చెప్పాడు. నాంపల్లి దాకా ఆటోలో ఎట్లా వచ్చానో గుర్తు లేదు. డాక్టరు చూసి గుండె ఆగిపోయిందన్నాడు. నొప్పి తెలిసేంత సేపు కూడా పట్టి ఉండదన్నాడు. ఏడుస్తూనే ఆ మాటకు కొంత కుదుటపడ్డాను.

పదకొండో రోజు దాటాక దుకాణం తెరిచాను. వచ్చిన గిరాకీలందరూ మాస్టర్ ఏడమ్మా అని అడుగుతున్నారు. చెప్పగానే చాలామంది ఆయన కన్ను సంగతే తలుచుకుంటున్నారు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పేకంటే, ఒకసారి మొత్తం రాయాలనిపించింది.

ఆబిడ్స్‌లో ఆయన్ని అందరూ రఫూ మాస్టరనే పిలిచేవారు. ఖరీదైన బట్టకు చిల్లు పడితే, అదే బట్ట లోపలి మడతల్లోంచి పోగులు లాగి, చిల్లు మీద నేత నేసినట్టు నేసి, చిరిగిన జాడే లేకుండా చేసే పని రఫూ. నల్గొండ పక్క పల్లె నుంచి వయసులో వచ్చి ఆయన మొదట ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోశారు. నడుము పట్టేశాక ఆ పని వదిలి, ఆబిడ్స్ సందులో రఫూ చేసే ఒక ముసలి ఉస్తాద్ దగ్గర కూర్చున్నారు. ఉస్తాద్ తర్వాత ఆయన దుకాణం, మెట్ల కింది చిన్న గది, మామదైంది. గదిలో లైటుంది, ఫ్యాను ఉంది. కానీ ఆయన ఎప్పుడూ బయట ఎండ పడే అరుగు మీదే కూర్చునేవారు. ట్యూబులైటు కింద రంగులు అబద్ధం చెప్తాయనేవారు. అట్లా నలభై ఏళ్లు ఎండకూ, బస్సులు లేపే దుమ్ముకూ ఎదురుగా కూర్చున్నారు.

నేను డిగ్రీ చదివి కోడలిగా వచ్చాను. ఒకరోజు ఆయనకు అన్నం టిఫిన్ డబ్బా తీసుకెళ్లి, తిరిగి ఇంటికి పోబుద్ధి కాక పక్కనే కూర్చుండిపోయాను. పొమ్మనలేదు. మూడు నెలలు నా చేతికి సూది ఇవ్వలేదు. పోగు తెగకుండా లాగడం ఒక్కటే నేర్పారు. తెగిన ప్రతిసారీ, "సూదికి తొందర లేదు బిడ్డా, తొందరంత మనకే" అనేవారు. పని పూర్తయ్యాక బట్టను గిరాకీ చేతికిచ్చి, చిల్లు ఎక్కడుందో వెతకమనేవారు. దొరకక వాళ్లు తల గోక్కుంటుంటే, పళ్లు కనిపించకుండా నవ్వుకునేవారు. గిరాకీలతో మాట్లాడేటప్పుడు కొంచెం పక్కకు తిరిగి, ఎడమ చెంప వాళ్ల వైపు పెట్టేవారు. ఎందుకో తెలుసుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది.

ఆయన కుడి కంట్లో, ముక్కు వైపు మూల నుంచి ఎర్రటి కండ ఒకటి రెక్కలాగా పెరిగి నల్లగుడ్డు మీదికి పాకింది. గాలి ఎక్కువైన రోజున కన్నంతా నిప్పులా ఉండేది. పొద్దున్నే తాగి కూర్చున్నాడని కొత్తవాళ్లు అనుకునేవాళ్లు. నేను కాపురానికి రాకముందే ఒకసారి ఎక్కడో కోయించుకున్నారట. ఏడాది తిరక్కుండా అది ముందుకంటే మందంగా మళ్లీ వచ్చింది. ఎవరైనా దవాఖాన మాట ఎత్తితే, కోసిన కొమ్మే రెండింతలు చిగురేస్తుందని కొట్టిపారేసేవారు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ఏదో ఆకుపసరు పోయమంటే మాత్రం గట్టిగా కసిరారు. కన్ను కూలిపని చేసుకునే చేతుల్లాంటిది కాదు, దాని మీద ప్రయోగాలు వద్దన్నారు.

ఇట్లా ఉండగా గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉన్ని కోటు తెచ్చాడు. చనిపోయిన తండ్రిదట. తన కొడుకు పెళ్లిలో తాను అది తొడుక్కోవాలని ఆ బ్యాంకాయన కోరిక. ఛాతీ మీద పురుగు కొట్టిన చిల్లు. మామ రెండు రోజులు కూర్చుని చేశారు. నేను చూస్తే నేత ఒక పోగు పక్కకు జరిగింది. దూరం నుంచి కూడా మచ్చలాగా కనిపిస్తోంది. మామ టీకి వెళ్లినప్పుడు మొదలుపెట్టి, ఆ సాయంత్రం ఆయనకు తెలియకుండా ఇంటికి తీసుకెళ్లి, మొత్తం విప్పి మళ్లీ నేశాను. మర్నాడు గిరాకీకి ఇచ్చే ముందు ఆయన అలవాటు ప్రకారం ఆ చోట బొటనవేలితో తడిమారు. చేయి అక్కడే ఆగింది. కోటు మడతపెట్టి ఇచ్చేశారు. చిల్లు వెతకమని కూడా అడగలేదు.

ఆ సాయంత్రం నాంపల్లికి నడిచే వస్తున్నాం. సగం దూరం వచ్చాక నా వైపు చూడకుండానే అడిగారు.

"ఎన్ని దినాల సంది సరిచేస్తున్నవ్ బిడ్డా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఇది మూడోది మామా."

ఆయన ఫుట్‌పాత్ పక్కన ఒక మూసిన దుకాణం మెట్టు మీద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఒక్క పోగు రెండుగా కనబడుతోందని, ఏది అసలుదో తెలియక చేతి అంచనాతో కుడుతున్నానని అప్పుడు చెప్పారు. ఆ మాట కంటే తర్వాత చెప్పింది నన్ను ఎక్కువ కదిలించింది.

"మా ఊర్ల ఒకాయనకు గిట్లనే కంట్ల కండ లేస్తె, కడకు కన్నే తీసేసిన్రు. అయినా బతకలె. నాది గూడ గదే అనుకుంటున్న. ఇంట్ల చెప్తె మీరంత ఫికర్ వడ్తరని ఊకున్న."

ఎన్నేళ్లుగా ఆ భయాన్ని ఒక్కరే మోస్తున్నారో! కసిరింది, కొట్టిపారేసింది అంతా ఆ భయమే. కోపగించుకోవాలో ఏడవాలో తెలియలేదు. రేపు దుకాణం తెరవొద్దు, కంటి దవాఖానకు పోదాం అన్నాను. ఔ అని లేచారు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, గుంటూరు వైపు మాట. మామ గడ్డాన్ని మిషన్ మీద పెట్టించి చాలాసేపు చూసింది. దీన్ని టెరీజియం అంటారనీ, ఎండలో దుమ్ములో ఏళ్లతరబడి ఉండేవాళ్లకు వస్తుంటుందనీ, చూడటానికి క్యాన్సర్‌లా లేదనీ చెప్పింది. తీసిన ముక్కను పరీక్షకు పంపి, అనుమానమే లేకుండా చేసుకుందామంది. ఆ కండ నల్లగుడ్డును లాగి వంపు తెస్తోంది కాబట్టే పోగులు రెండుగా కనబడుతున్నాయట. నేను ఊపిరి వదిలాను. మామ వదల్లేదు. పోయినసారి మళ్లీ పెరిగింది కదా అన్నారు.

అప్పట్లో కండ తీసి ఆ చోటు ఖాళీగా వదిలేసేవాళ్లనీ, ఇప్పుడు అదే కంటి పైరెప్ప కింది నుంచి పల్చటి పొర తీసి అక్కడ అతికిస్తామనీ ఆమె వివరించింది. మళ్లీ రాదని రాసివ్వలేను గానీ, వచ్చే అవకాశం బాగా తక్కువంది.

మామ మొదటిసారి తలెత్తి ఆమెను సూటిగా చూశారు. "గా కంటిదే పొరనా? వేరేది కాదు గదా?"

"మీ కంటిదే అంకుల్."

"గట్లయితే కుదురుతది. వేరే బట్ట అతుకేస్తె, ఒక్క ఉతుకుకే ముడుసుకపోతది."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన పనేంటో నేను చెప్పాను. ఆమె ముచ్చటపడి, ఎక్కువగా గమ్ముతోనే అంటిస్తామనీ, అవసరమైతే ఒకటి రెండు కుట్లు వేస్తామనీ చెప్పింది. మామ ఆ దారం చూడొచ్చా అని అడిగారు. నర్సు ఒక పాత పొట్లం తెచ్చి చూపించింది. వెంట్రుక కంటే సన్నగా ఉంది. కిటికీ వెలుతురుకు పెట్టి, ఎడమ కంటితో చూసి, గీ దారంతో తానైతే ఒక్క దినం కూడా పని చెయ్యలేనన్నారు. తర్వాత పొట్లం తిరిగి ఇచ్చేసి, ఎప్పుడు రావాల్నో చెప్పమన్నారు.

ఆపరేషన్ గంటలోపే అయిపోయింది. ఆ గంటా బయట బెంచీ మీద నాకు ఒకటే ఆలోచన. పట్టుబట్టి తెచ్చింది నేను, ఉన్న చూపు కూడా పోతే ఆ పాపం నాది. కట్టుతో బయటికి వచ్చి ఆయన మొట్టమొదట అడిగింది, నేను ఏమన్నా తిన్నానా అని.

వారం తర్వాత పరీక్ష కాగితం వచ్చింది. ఇంట్లో అందరి ముందూ చదివాను. క్యాన్సర్ కాదు, చెడు లక్షణాలు ఏవీ లేవు. జర ఇంకోసారి చదువు అన్నారు. ఇంకోసారి చదివాను. ఆయన లోపలికి పోయి చాప మీద పడుకున్నారు. పగటిపూట కన్ను మూయడం ఎరగని మనిషి, ఆ మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా గురక పెట్టి నిద్రపోయారు. మేమంతా గొంతు తగ్గించుకుని, గిన్నెల చప్పుడు కాకుండా తిరిగాం. మా ఇంట్లో అంత హాయిగా గడిచిన పూట నాకు ఇంకొకటి గుర్తు లేదు.

రెండు నెలలు సూది ముట్టవద్దని దవాఖానలో చెప్పారు. చుక్కల మందు వేసుకుంటూ, నల్లద్దాలు పెట్టుకుని, నా వెనక నీడలో కూర్చునేవారు. కన్ను కొన్నాళ్లు ఎర్రగానే ఉంది, నీళ్లు కారేవి. తర్వాత కళ్లజోడు నంబరు మార్చారు. ఆ జోడు వచ్చిన రోజున, నేను అప్పుడే ముగించిన షేర్వాణీ చేయి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పారు.

"గీడ రెండు పోగులు వదులైనయ్. ఇప్పు."

విప్పాను. నిజంగానే రెండు పోగులు వదులు. తిట్లు తిని అంత సంతోషపడిన కోడలు ఆబిడ్స్‌లో ఇంకెవరూ ఉండరేమో. నేను తల వంచుకుని నవ్వుతుంటే ఆయన చూశారు.

ఆ తర్వాత నాలుగేళ్లు బతికారు. కండ మళ్లీ రాలేదు. ఆటో నడిపేవాళ్లలో, తోపుడుబండ్ల వాళ్లలో ఎవరి కంట్లోనైనా అట్లాంటి రెక్క కనబడితే పనాపి మరీ పిలిచేవారు. తన కుడి కన్ను దగ్గరికి తెచ్చి చూపించి, భయపడుకుంట ఇంట్ల కూసోవద్దు, చూపెట్టుకోవాలె అనేవారు. ముగ్గురు నలుగురిని స్వయంగా వెంటబెట్టుకుని పోయారు. ఇవాళ దుకాణానికి వచ్చి ఆయన కన్నును తలుచుకునేవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

ఆయన పోవడానికి కొన్నాళ్ల ముందు, ఈ ఎండాకాలంలోనే, మా అమ్మ వచ్చి పది రోజులుండి, ఒక పొద్దున బండికి వెళ్లిపోయింది. ఎక్కించడానికి మామ కూడా నాంపల్లి స్టేషన్‌కు వచ్చారు. బండి కదిలాక ఇద్దరం ప్లాట్‌ఫారం చివర దాకా నడిచాం. చివరి పెట్టె వెనక పసుపు రంగు గుణకారం గుర్తు చిన్నదవుతూ పోయింది. నాకు కనబడటం మానేసింది. పోదాం పా మామా అన్నాను. నాకింకా కనబడ్తుంది అన్నారు. ఊడ్చుకుంటూ వస్తున్న ఒకావిడ ఆయన కాళ్ల దాకా వచ్చి చీపురు ఆపి నిలబడింది. ఆయన చేయి కనుబొమల మీద అడ్డం పెట్టుకుని పట్టాల వెంబడి చూస్తూనే ఉన్నారు.