ఉలవ పరిచిన రోడ్డు

మొన్న అక్కను కారులో పత్తికొండ వైపు ఒక పెళ్లికి తీసుకుపోతుంటే, చక్రాల కింద ఎండిన ఉలవ కట్టె పటపటమని విరిగిన చప్పుడైంది. రిటైరై ఇంతకాలమైనా, రోడ్డు భద్రత పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయినా, ఆ చప్పుడు వింటే నా కాలు ఇప్పటికీ బ్రేకు మీదికి పోతుంది. అక్క కొంగు బిగించి పట్టుకుంది.

మా కాలపు వాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. కళ్లం చేసుకునే తీరిక లేని రైతులు పీకిన ఉలవను తారు రోడ్డు మీద సగం మేర పరిచి, మిగతా సగంలో అడ్డంగా రాళ్లు పెట్టేవారు. దాంతో బస్సులూ లారీలూ చచ్చినట్టు పంట మీదుగానే పోయేవి, గింజ దానంతటదే రాలేది. ప్రభుత్వ బస్సు చేత ఊరికే కళ్లం తొక్కించుకున్నామని నవ్వుకునేవాళ్లం కూడా. సాయంత్రం గింజలెత్తుకునే హడావుడిలో రాళ్లు మరిచిపోవడమూ మాకు మామూలే.

నేను ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో, పుట్టింటికి వచ్చిన అక్కను తీసుకుపోదామని మోటారు సైకిల్ మీద మునిమాపు వేళ వస్తున్న బావ, అట్లా మిగిలిపోయిన ఒక రాయికి తగిలి పడ్డాడు. మళ్లీ లేవలేదు. ఆ రోజు మా ఉలవా, పక్క చేనివాళ్ల ఉలవా అదే రోడ్డు మీద ఉన్నాయి. రాళ్లు పెట్టిందెవరని ఊరి పెద్దలు అడిగితే, పక్క చేనివాళ్లు నోరు మెదపకముందే, మా వైపు రాళ్లు తానే పెట్టానని అమ్మ ముందుకొచ్చి చెప్పింది. అక్క గోడకానుకుని అట్లాగే కూర్చుని ఉంది.

ఆనకట్టలు కట్టాలనుకున్నవాణ్ణి ఆ తర్వాత రోడ్ల చదువులోకి మళ్లాను. కడపలో పాఠాలు చెబుతూ, ఎర్రగుంట్ల సిమెంటు లారీలు బోల్తాపడిన మలుపుల్లో టేపు పట్టుకుని తిరిగాను. టైరు గీతలు చూసి బండి ఎంత వేగంతో వచ్చిందో చెప్పగలడని పేరు తెచ్చుకున్నాను. ఇంటికి పోయినప్పుడల్లా అమ్మ మాత్రం ఒకటే అడిగేది: "ఇంత సదివినావు గదా నాయనా, ఆ రాయి మనదా, వాళ్లదా చెప్పలేవా?" ఆధారం లేకుండా మాట్లాడకూడదని పిల్లలకు నేర్పేవాణ్ణి గనుక, చెప్పలేమమ్మా అనేవాణ్ణి. అమ్మ ఒకసారి, పుట్టింట్లోనే ఉండిపోయిన అక్క వైపు చూసి లోపలికి పోయేది. ఆ ప్రశ్నతోనే కన్నుమూసింది.

మొన్న కాస్త ముందుకు పోగానే, గింజలెత్తేసిన చోట రాళ్లు ఉండిపోయి కనిపించాయి. అక్క కారు ఆపించి, మోకాళ్ల నొప్పితోనే దిగి, ఒక్కొక్కటే తీసి పక్కన వేయసాగింది. నేనూ దిగాను. చేను గట్టున గోనెసంచి మూతి కట్టుకుంటున్న పడుచు పరుగున వచ్చింది.

"మేం తీస్తాంలే అవ్వా, నువ్వు పో."

"ఆ పొద్దు నేనూ అట్లే అనుకొంటి తల్లీ," అంది అక్క. "గింజలెత్తినాక తీస్తాంలే అని. పెట్టిందాన్నీ నేనే, మర్చిపోయిందాన్నీ నేనే."

చేతిలో రాయితో అట్లాగే నిలబడిపోయాను. అమ్మ ఆ ప్రశ్న తన కోసం అడగలేదు. నా నోటి నుంచి ఒక్క 'మనది కాదు' వస్తే అక్క చెవిన పడుతుందని అడిగింది.

ఇప్పుడు నూర్పిడికి మిషన్లు వచ్చాయి, రోడ్లు వెడల్పయ్యాయి, పంట రోడ్డెక్కడం బాగా తగ్గింది. ఇంకొన్నాళ్లకు ఈ రాళ్ల సంగతి చెబితే అర్థమయ్యేవాళ్లు కూడా ఉండరేమో. కారెక్కాక, ఆ రాయి మనది కాదక్కా, నేను లెక్క వేసి చూశాను అన్నాను. ఏ లెక్కా వేయకుండా నేను నా జన్మలో చెప్పిన తీర్పు అదొక్కటే. అక్క తల ఊపింది గానీ, ఊరు చేరేదాకా రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు.