జ్ఞానసుందరి చాక్లెట్ పాలు

ఏడాదంతా మా బడి పిల్లలకు రాగిజావ కాచిపోసే జ్ఞానసుందరికి, క్రిస్మస్ నాడైనా వాళ్లు తన చేతి గ్లాసును ఇష్టంగా అందుకోవాలని కోరిక. చర్చి వరండాలో బల్ల వేసి, వేడి చాక్లెట్ పాలు, పైన చల్లుకోవడానికి బిస్కెట్ పొడి, జీడిపప్పు అమర్చింది.

"ఎల్లకండర్రా, రాగిజావే అది!" అని మూడో తరగతి రూబీ అరిచింది. పిల్లలందరూ ఆగిపోయారు.

ఆ జావను మెచ్చుకుంటూ ప్రధానోపాధ్యాయుడిగా నేను రాసిన ప్రతి నివేదిక నకలూ నా దగ్గరుంది. జావకు జరిగిన ఆ అవమానం సహించలేక ఉపన్యాసానికి లేచాను.

"కూకోండి మాస్టారూ! మీరు మంచిదంటే ఇంకెవులూ తాగరు," అని ఆమె తానే ఒక గ్లాసు నింపుకొని, కళ్లు మూసుకొని తాగింది. పైపెదవికి చాక్లెట్ మీసం మొలిచింది.

రూబీ మెల్లగా గ్లాసు చాపింది.

"జావ కదేటే? నీకెందుకు?" అంటూనే జ్ఞానసుందరి అంచుదాకా పోసింది.