రజియా ఆపా రాళ్ల డబ్బా

చాటలో బియ్యం కదిలిన చప్పుడు వింటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. శంషాబాద్‌లో మా ప్రాథమిక పాఠశాల మీదుగా విమానం పోయిన ప్రతిసారీ కిటికీ అద్దాలు అదురుతాయి. అది ఎప్పుడో అలవాటైంది. ఈ చిన్న చప్పుడే అలవాటు కాలేదు. ఈ పొద్దున నా గదిలో మూడో తరగతి పిల్ల ఒకతి చాట ముందు కూర్చోగానే రజియా ఆపా గుర్తొచ్చింది, ఆమెతోపాటే నా కుళ్లూ గుర్తొచ్చింది.

నేను పిల్లల మనసులో బాధ కనుక్కునే కౌన్సిలర్‌గా చేరేనాటికి, అందరూ అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే రజియా బడి వంటగదిలో పనిచేసేది. నాకు చదువుంది, నవ్వే ముఖం, ఏడ్చే ముఖం అచ్చేసిన రంగుల చార్టులున్నాయి. "ఈ రోజు నీ మనసు ఏ బొమ్మలా ఉంది?" అని అడిగితే పిల్లలు నవ్వే బొమ్మ మీద వేలు పెట్టి, ఎప్పుడు వదులుతానా అని తలుపు వైపు చూసేవారు. ఆ పిల్లలే విరామంలో ఆపా చుట్టూ చేరి, ఆమె చాటలోని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఇంటి సంగతులన్నీ చెప్పేసేవారు. ఆమె తలెత్తేది కూడా కాదు. "అట్లనా బిడ్డా? ఇగో, గీ మూలకు జర చూడు" అనేది, అంతే. నాకు దక్కనిది ఆమెకు ఊరికే దక్కిందని ఒళ్లు మండిపోయేది.

రెండో తరగతి భవ్య ఉన్నట్టుండి అన్నం మానేసింది. తండ్రి ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడిపేవాడు. రోజూ కడుపునొప్పి అనేది. దవాఖానలో ఏమీ లేదన్నారు. ఇలాగే ఉంటే బడి మాన్పించి తుక్కుగూడలో అమ్మమ్మ దగ్గర ఉంచుతానంది తల్లి. నా గదిలో నాలుగుసార్లు కూర్చోబెట్టినా ఆ పిల్ల పెదవి విప్పలేదు. ఐదో రోజు చూస్తే ఆపా పక్కన రాళ్లు ఏరుతూ ఏదో గొణుగుతోంది.

మర్నాడు పొద్దున్నే వంటగదిలోకి తొంగిచూశాను. ఆపా ఒక పాత డబ్బాలోంచి రాళ్లు తీసి శుభ్రమైన బియ్యంలో కలుపుతోంది. దొరికింది అనుకున్నాను. పిల్లల బియ్యంలో రాళ్లు కలుపుతోందని వెళ్లి హెడ్మిస్ట్రెస్‌కు చెప్పాను. అవి వండే బియ్యం కావనీ, రోజూ పిల్లలు ఏరేది ఆ రెండు గుప్పెళ్లేననీ తెలుసుకునే ఓపిక నాకు లేకపోయింది. చాట అటకెక్కింది. పిల్లలు వంటగది వైపు పోకూడదన్నారు. భవ్య మళ్లీ నోరు మూసుకుంది. వారం తిరక్కుండా ఆమె తల్లి టీసీ అడగడానికి వచ్చింది.

సిగ్గు విడిచి ఆపా దగ్గరికి వెళ్లాను. "భవ్య మీతో ఏం చెప్పింది ఆపా?"

"పూరా చెప్పలే మేడం. సగంల ఉండంగనే బంద్ చేసిన్రు గద" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. చాట, డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇప్పటి బియ్యంల రాళ్లేడుంటయ్ మేడం? పిల్లల చేతులకు పని గావాలెనని నేనే కలుపుత. నువ్వు మొఖం చూడకు. ఎందుకని అడగకు. నువ్వు గూడ ఏరు."

టీసీకి కొన్నాళ్లు ఆగమని భవ్య తల్లిని బతిమాలాను. నా గదిలో భవ్యా నేనూ రెండు రోజులు మాటల్లేకుండా ఏరాం. మూడో రోజు మధ్యాహ్నం పైన విమానం పోతుంటే భవ్య వేళ్లు ఆగాయి. "అండ్ల మా బాపు ఉన్నడా టీచర్?" అంది. తండ్రి దుబాయి పోతాడని ఇంట్లో అనుకుంటుంటే విన్నది. ఎప్పుడు పోతాడో దానికెవరూ చెప్పలేదు. పోయే ప్రతి విమానంలోనూ తండ్రి ఉన్నాడేమోనని హడలిపోతోంది. ఆయన్ను పిలిపించాను. "వీసా ఇంక రాలే బిడ్డా. వస్తే ముందుగాల నీకే చెప్త" అన్నాడు. మర్నాడు భవ్య అన్నం తింది. టీసీ మాట మళ్లీ రాలేదు. సంతోషించాలి కదా? ఆపా అయితే ఒక్కరోజులో చెప్పించేదే అని కుమిలిపోయాను.

తర్వాత అత్తాపూర్‌లో కౌన్సిలర్ల శిక్షణలో ఈ పద్ధతిని నా పాఠంగా చూపించాను. చప్పట్లు కొట్టారు. మీ ఆలోచనేనా అని ఎవరో అడిగితే అవునన్నాను. అప్పటికి ఆపా పని మానేసి జల్‌పల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆమెకు ఈ సంగతి చెప్పనే లేదు.

ఈ పొద్దున ఆ పిల్ల రాయి ఏరుతూ అడిగింది: "టీచర్, గీ ఆట నువ్వే కనిపెట్టినవా?"

ఇద్దరమూ చాటలోకే చూస్తున్నాం. అందుకేనేమో నిజం నోటికొచ్చింది. "కాదమ్మా. రజియా ఆపా."

"ఆమె ఏడుంది? నేను ఆమె తాన కూసుంట" అంది.

మళ్లీ కడుపు మండింది. ఆ పిల్ల ముఖం చూడకుండా, ఆపా రాళ్లే ఏరుతూ కూర్చున్నాను.