ఇద్దరికీ ఒకే జవాబు

నిన్న చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల మధ్య నడుస్తుంటే బొగ్గుల మీద కరుగుతున్న లక్క వాసన గుప్పున తగిలింది. ఎవరో నన్ను అనుమానంగా చూస్తున్నట్టనిపించి చటుక్కున వెనక్కి తిరిగాను. నన్ను చూస్తున్నవాళ్లెవరూ లేరు. యాకుత్‌పురాలో సుశీల టీచర్ ట్యూషన్ చెప్పిన గది కింద అలాంటి గాజుల కార్ఖానా ఉండేది.

టీచర్ ఎవరినీ నమ్మేది కాదు. పాఠ్యపుస్తకం వెనక ఇచ్చిన జవాబులను కూడా. మా బాపు పోసే పాలలో రోజూ వేలు ముంచి చూసేది. అందుకే ఆమె పేరు ఎత్తితే బాపుకు ఒళ్లు మంట. బస్తీలో లెక్కలు బాగా చెప్పేది ఆమె ఒక్కతే కాబట్టి, పదో తరగతిలో నన్ను అక్కడికే పంపక తప్పలేదు. నా మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా చదువు మాన్పించి బర్రెల కొట్టంలో పెడతానన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి.

కాపీని పట్టుకోవడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. బోర్డు మీద అందరికీ ఒకే సరళరేఖ సమీకరణం రాసి, ఒక్కొక్కరికి ఒక్కో బిందువు ఇచ్చేది. ఆ బిందువు గుండా పోయే సమాంతర రేఖ సమీకరణం కనుక్కోవాలి. వాలు అందరిదీ ఒకటే, చివరి సంఖ్య ఎవరిది వారిదే. ఇద్దరికి ఒకటే వచ్చిందంటే దొంగ దొరికినట్టే. ఆ రోజు y = 2x + 3 రాసింది. నాకు (1, 7), పక్కన కూర్చున్న నజ్మాకు (3, 11) ఇచ్చింది. ఇద్దరికీ y = 2x + 5 వచ్చింది.

“ఎవరిది చూసి ఎవరు రాసిండ్రు?”

నజ్మా ఏడుపు అందుకుంది. టీచర్ చూపు మాత్రం నా మీదే ఆగింది. కాసేపట్లో పాలు పోయడానికి వచ్చే బాపుకే చెప్తానంది. కానీ నేనూ ఆమె దగ్గర చదువుకున్నదాన్నే, నాకు ఆమె మీదే అనుమానం వచ్చింది. లేచి సుద్దముక్క అందుకుని, నజ్మా బిందువును నా సమీకరణంలో పెట్టి చూశాను. రెండు మూళ్లు ఆరు, ఐదు కలిపితే పదకొండు.

“టీచర్, మీరిచ్చిన రెండు పాయింట్లు ఒక్క గీత మీదనే ఉన్నయి.”

ఆమె నమ్మలేదు. మొదటి నుంచి తనే చేసింది, తుడిచి మళ్లీ చేసింది. బాపు పాలక్యాన్‌తో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డా తిరిగి చూడలేదు. చివరికి చేతులు దులుపుకుని, బాపు వినేలాగే అంది.

“రేపటి సంది అందరికి పాయింట్లు నువ్వే ఇయ్యి. నేనిచ్చినయి నమ్మెటట్టు లేవు.”

బాపుకేమీ అర్థం కాక టీచర్‌నూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

ఇప్పుడు నేనూ లెక్కల టీచర్నే. ఆమె లేదు. రెండు పేపర్లు ఒకేలా కనిపిస్తే నా అనుమానమూ అంతే తొందరగా లేస్తుంది. పిల్లలను నిలబెట్టే ముందు, నేనిచ్చిన ప్రశ్నను నేనే ఒకసారి చేసి చూస్తాను. అప్పటిదాకా నోరు విప్పను.