ఆ పులి ఎవరు?

బరంపురం అంకులిలోని మా ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఫైళ్లు భద్రపరిచే మా ప్రోగ్రాంలో ఒక తప్పు దొరికింది. ఫైలు మరీ పెద్దదైతే, బండి మీటరు నిండిపోయి మళ్లీ సున్నాకొచ్చినట్టు లెక్క మొదటికొచ్చి, కొత్త సమాచారం ఫైలు మొదటి భాగాన్ని చెరిపేస్తోంది. పెద్ద సంఖ్యలు పట్టేలా దాన్ని సరిచేశాను. పరీక్షకు నా దగ్గరున్న అతి పెద్ద ఫైలు వాడాను. అది మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర వీడియో. నాకు కామెర్లు తగ్గితే పులి వేషం కడతానని మొక్కుకున్న నాన్న, ఒళ్లంతా పసుపు రంగూ నల్ల చారలూ పూసుకుని అందులో ఆడతాడు.

ఆన్‌లైన్ మీటింగులో మేనేజరు, “మొదటి భాగం చెడలేదని చూపించండి” అన్నారు. వీడియో తెరవగానే తోకతో సహా నాన్న! అందరూ పగలబడి నవ్వారు.

“ఎవరండీ ఆ పులి?”

“ఎవరో... మా ఊరతను సార్” అనేశాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో కాఫీ గ్లాసుతో నాన్న. సిగ్గుతో తలెత్తలేకపోయాను. మీటింగు అయ్యాక ఏదో చెప్పబోతుంటే ఆయనే అందుకున్నాడు.

“పోన్లేరా. అంత రంగు పూసుకుంటే నువ్వు మాత్రం నన్నెలాగ పోలుస్తావు? కాఫీ సల్లారిపోతాది, తాగు.”

నాకు సాకు కూడా ఆయనే వెతికిపెట్టాడు.