దాత పళ్లెం

కర్నూలులో కాలేయ వైద్యుడు నా స్కాన్‌ను తెర మీద చూపించి ఇందులో కొవ్వు ఉందన్నప్పుడు నేను మొదట చేసిన పని వాదించడం. ప్రతిపాదన ఎవరిదైనా ముందు ఆధారం అడగాలన్నది కళాశాల చర్చావేదికలు నాకు నేర్పిన అలవాటు. నేను తాగను. చొక్కా నా భుజాల మీద కొంకీకి తగిలించినట్టు వేలాడుతుంది. అలాంటి ఒంట్లోకి కొవ్వు ఎలా వచ్చిందని అడిగాను. పక్క కుర్చీలో నాయన, నీరు చేరి ఉబ్బిన పొట్ట మీద చేతులు పెట్టుకొని వింటున్నాడు.

తన పరిశోధన సరిగ్గా ఆ ప్రశ్న మీదేనని వైద్యుడు చెప్పాడు. ఈ జబ్బు గురించి మొదట్లో తెలిసినదంతా లావుగా ఉన్నవాళ్లను పరీక్షించి తెలుసుకున్నదే. తాగుడు లేకుండా, సన్నగా ఉంటూనే కాలేయంలో కొవ్వు చేరినవాళ్లు మన వైపు ఎందుకు కనబడుతున్నారో ఇంకా పూర్తిగా తేలలేదు. తిండి మార్చి, రోజూ నడిస్తే చాలామందిలో అది తగ్గుతుందన్నది మాత్రం నమ్మదగిన మాట.

నాకు తగ్గుతుందా అని అడిగాను.

"చాలామంది అన్నాను. నీ సంగతి నీ స్కాన్ చెప్పాలి" అన్నాడు.

ఆ నిజాయితీ నాకు నచ్చింది, భయమూ వేసింది. నాయన కాలేయం గట్టిపడిపోయింది. ఆయనా చుక్క ముట్టినవాడు కాదు. చక్కెర జబ్బు, దానితోపాటే పేరుకున్న కొవ్వు ఏళ్ల తరబడి చేసిన పని అది. కడపలో ఆయన బండల వ్యాపారం చేసిన చోట మాత్రం ఎవరూ నమ్మలేదు. కాలేయం చెడిందంటే తాగుడేనని వాళ్ల తీర్పు. అమ్మ రక్తం గ్రూపు కలవలేదు. నా కాలేయంలో కొంత భాగం ఇవ్వడమొక్కటే మిగిలిన దారి. అంత కొవ్వున్న కాలేయాన్ని కోసి ఇస్తే ఇద్దరికీ ప్రమాదమని చెప్పి వైద్యుడు నెలన్నర గడువిచ్చాడు. అంతకు మించి ఆగలేమన్నప్పుడు ఆయన నా వైపు కాక నాయన వైపు చూశాడు.

ఆ గదిలో నాయన నోరు విప్పింది ఒక్కసారే. "కొవ్వు తగ్గకుంటే?"

అప్పుడు మీ అబ్బాయి దాతగా పనికిరాడని వైద్యుడు చెప్పాడు. నాయన తల ఊపాడు.

ఆ వారంలోనే మేనత్త కమలాపురం నుంచి నెయ్యి డబ్బాతో దిగి వంటగదిని స్వాధీనం చేసుకుంది. నేను పొద్దున్నే పాలకొండల వైపు రోడ్డు మీద నడిచి, చెమటతో ఇంటికి వచ్చేసరికి పళ్లెంలో పూర్ణం కూరిన ఓళిగలు, వాటి మీద పేరుకున్న నెయ్యి సిద్ధంగా ఉండేవి. అమ్మ అడ్డుచెబితే ఆమెనూ కసిరేది.

"ఎముకల మీద తోలు తప్ప ఏముండాది వీనికి? కొవ్వు యాడ దొరికిందప్పా ఆ డాక్టరుకు?"

వైద్యుడు చెప్పినదంతా ఆమెకు వివరించాను. ఓపిగ్గా విని, కడుపు కోయించుకోబోయేవాడు తినకపోతే తట్టుకుంటాడా అని అడిగింది. సగం తిని లేచేవాణ్ణి. సగమైనా తిన్నందుకు మరుసటి రోజు ఇంకొంచెం దూరం నడిచేవాణ్ణి. గడువు కరుగుతోంది. నాయన కళ్లు పసుపెక్కాయి. ఒకరోజు ఆయన మనం ఏ ఊరిలో ఉన్నామని అమ్మను అడిగి, ఆమె చెప్పాక కూడా కిటికీ వైపు అనుమానంగా చూశాడు.

ఆ మధ్యాహ్నం నేను పళ్లెం పక్కకు నెట్టేశాను. అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నాకేం పనిలేక పెడ్తాండానా? మీ నాయనే చెప్పినాడు. వానికి నెయ్యి బాగా పొయ్యక్కా, వద్దంటే బతిమాలైనా పెట్టు అన్న్యాడు. అందుకే గదా ఇల్లు ఇడిసిపెట్టి వచ్చిండేది."

తమ్ముడు ఎందుకలా చెప్పాడో ఆమెకు తెలియదు. వైద్యుడి గదిలో నాయన పక్కన కూర్చున్న నాకు తెలిసింది.

ముందుగదిలో మంచం మీద ఉన్న నాయనను అడిగాను. ఆయన కాదనలేదు.

"నువ్వు పనికిరాకుంటే బాగుంటాదని చూస్తాండా. ఎన్ని బండలు కోయించినానో నేను! ఎంత మంచి బండకైనా యాడ బీట ఉండాదో పైకి తెలీదు. నిన్నట్ల బల్ల మీద పండబెట్టలేనబ్బా."

కోసిన కాలేయం మళ్లీ పెరుగుతుందని, దాతల్లో ఎక్కువమంది కోలుకుంటారని చెప్పడానికి సిద్ధపడ్డాను. కానీ ప్రమాదం అసలే లేదని వైద్యుడూ అనలేదు. నాయన భయంలో ఖండించదగిన తప్పు నాకు దొరకలేదు. ఆయన పద్ధతిలోనే దొరికింది.

"వద్దనే హక్కు నీకుండాది. వద్దంటే నోటితో చెప్పు నాయనా, పళ్లెంలో పెట్టి చెప్పొద్దు. నువ్వు చెప్పేదాకా నేను నడుస్తానే ఉంటా."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మరుసటి రోజు నడిచి వచ్చి చెప్పులు విడుస్తుండగా ఆయన గొంతు వినిపించింది.

"అక్కా, వానికి కొర్రన్నం వండు. నెయ్యి పొయ్యాకు."

"నిన్నొక మాట, ఈ పొద్దొక మాట. నీ మతికేమైందిరా?" అని అత్త విసుక్కుంది. అయినా కొర్రలు నానబెట్టింది.

గడువు తీరిన రోజు కర్నూలుకు ఒక్కణ్ణే వెళ్లాను. నాయన ప్రయాణం చేయగల స్థితిలో లేడు. వైద్యుడు పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. పూర్తిగా పోలేదని, ఇవ్వడానికి మాత్రం సరిపోయేంత తగ్గిందని చెప్పాడు. పేరు తీసేసి ఈ రెండింటినీ తన పరిశోధనలో చేర్చుకోవచ్చా అని అడిగాడు. ఒప్పుకొని సంతకం పెట్టాను. అన్నాళ్లూ కత్తి నా వాదనలో ఒక మాటగానే ఉంది. అది నా పొట్ట మీదికి రావడం అప్పుడు మొదలైంది.

వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసి ఫలితం చెప్పాను. ఎత్తింది నాయనే. ఇప్పుడు నోటితో వద్దంటాడేమోనని ఎదురుచూశాను. అంటే ఒప్పుకోవాలి, ఆ మాట ఇచ్చింది నేనే.

"పొద్దన్నుంచి ఏమన్నా తిన్న్యావా?" అన్నాడు చివరికి.

లేదన్నాను.

"తిను. నెయ్యి లేకుండా."